బల్దియా పెద్దకుర్చీ – మాడపాటి హనుమంతరావు గారు

సికిందరాబాదులో పెరిగినవారికి 'పురపాలక సంఘము' అన్నది పుస్తకాలలోని మాట. నోట నానినది 'బల్దియా'. వీధిలో చెత్త పేరుకుపోయినా, దీపం వెలగకపోయినా "బల్దియావాళ్ళకు చెప్పండి" అనేవారు మా పెద్దలు. అరబ్బీలో 'బలద్' అంటే ఊరు. ఊరికి సంబంధించినది బల్దియా. తెలుగు చదివి, తెలుగు చెప్పి పదవీవిరమణ చేసిన నాకు కూడా నోటికి ముందుగా వచ్చేది ఆ అరబ్బీ మాటే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఏ మాట ఊరి పని చేస్తే అది ఊరి మాట అవుతుంది. అయితే ఆ బల్దియా పెద్దకుర్చీలో మొట్టమొదట మేయరుగా కూర్చున్న వ్యక్తి మాత్రం తెలుగు అన్న మాటకు ఈ నగరంలో చెవి సంపాదించి పెట్టడానికే ముప్ఫై యేళ్ళు ధారపోసినవాడు. ఆయనే మాడపాటి హనుమంతరావు గారు. 1951 నుంచి 1954 వరకు హైదరాబాదు నగరానికి ఆయన మేయరు.

ఈ మధ్య పందొమ్మిదవ శతాబ్దపు జర్మనీ నగరాధ్యక్షులను గురించి కొంత చదివాను. ఆ చదువే నన్ను మళ్ళీ మాడపాటి వారి దగ్గరకు తీసుకువచ్చింది. సంబంధం లేదనిపించవచ్చు, కొంచెం ఓపిక పట్టండి.

నెపోలియను చేతిలో ఓడి ప్రష్యా రాజ్యం చితికిపోయిన రోజులలో, 1808లో, ష్టైన్ అనే మంత్రి ఒక నగరశాసనం తెచ్చాడు. ఊరి వ్యవహారాలు ఊరివారే చూసుకోవాలి, అందుకు సభ్యులను వారే ఎన్నుకోవాలి అన్నది దాని సారం. ఆస్తిపాస్తులున్న మగవారికి మాత్రమే ఆ హక్కు దక్కింది, అది వేరే సంగతి. అయినా ఆ విత్తనం నుంచి వచ్చిన చెట్టు పెద్దది. శతాబ్దం చివరికి జర్మనీలో నగరాధ్యక్షత ఒక జీవితకాలపు వృత్తి అయింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి ఫ్రాన్‌జ్ ఆడికెస్ అనే ఆయన 1890 నుంచి 1912 వరకు, అంటే ఇరవై రెండేళ్ళు, అధ్యక్షుడు. చిందరవందరగా ఉన్న భూఖండాలను కలిపి, వీధులు తీసి, మిగిలినది సొంతదారులకు తిరిగి పంచే చట్టాన్ని 1902లో సాధించినది ఆయనే. 1914లో ఆ నగరంలో విశ్వవిద్యాలయం వెలసిందంటే అందుకు మూలపురుషుడూ ఆయనే. అక్కడ ముందు పౌరుడు పుట్టాడు, అతడి చేతిలో ఊరు పెరిగింది.

మన దగ్గర జరిగింది తలకిందులు. 1869లో మొదటి సాలార్‌జంగ్ దివానుగిరీలో హైదరాబాదుకు పురపాలన ఏర్పడింది. చాదర్‌ఘాట్ ప్రాంతానికి కొంతకాలం వేరు మునిసిపాలిటీ ఉండేది. 1933లో రెండూ ఒకటయ్యాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ పుట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. రోడ్లు వచ్చాయి, చెరువులు వచ్చాయి, భూగర్భపు మురుగుకాలువలు వచ్చాయి. నగరం నిండుగా తయారయింది. లోపించినవాడు నోరున్న పౌరుడు ఒక్కడే. పైనుంచి ఫర్మానా వచ్చేది, కింద పని జరిగేది. ప్రజను అడిగే అలవాటు పాలకులకు లేదు. అడగవచ్చునన్న ఊహ ప్రజకూ లేదు.

మా సికిందరాబాదు సంగతి మరొక విచిత్రం. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు కంపెనీ పటాలాల నీడలో పెరిగింది. హుస్సేన్‌సాగరానికి అవతల నిజాము, ఇవతల ఇంగ్లీషువారు. 1945లో పౌరనివాసాల భాగం నిజాము ప్రభుత్వానికి తిరిగి వచ్చి, వేరు మునిసిపాలిటీ అయింది. 1950లో హైదరాబాదుతో పాటు సికిందరాబాదూ కార్పొరేషను అయింది. పదేళ్ళ పాటు చెరువుకు అటొక మేయరు, ఇటొక మేయరు! 1960లో రెండూ కలిసిపోయాయి.

ఇక మాడపాటి వారి కథ. ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టారు. చిన్ననాడే తండ్రి పోవడంతో మేనమామల పంచన సూర్యాపేట చేరారు. తరువాత చదువు హనుమకొండ. మెట్రిక్యులేషను చదివి, ఓరుగల్లులో విద్యాశాఖ కచేరీలో గుమాస్తాగా చేరారు. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు – ఐదింటిలోనూ ఆయనకు ప్రవేశం ఉండేది. ఉర్దూ అయితే ప్రవేశం అన్న మాట చాలదు. 'ముషీరె దక్కన్' అనే ఉర్దూ దినపత్రికకు సంపాదకీయాలు వ్రాసిన కలం ఆయనది. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసినవాడు. 'మల్లికాగుచ్ఛము' అన్న కథల సంపుటి కూడా ఆయనదే. తెలంగాణాలో ఆధునిక కథ వ్రాసిన తొలితరం వారిలో ఆయన పేరు చెప్పకుండా సాహిత్యచరిత్ర నడవదు. ఆ కథల మాట ఎత్తితే ఈ వ్యాసం దారి తప్పుతుంది కనుక ఆపుతున్నాను.

1912లో హైదరాబాదుకు వచ్చి న్యాయశాఖలో అనువాదకుడిగా పని చేశారు. పిమ్మట వకీలు అయ్యారు. నగరాభివృద్ధి సంస్థ పుట్టిన సంవత్సరమూ అదేనని పైన చెప్పాను. ఒకవైపు సర్కారు వీధులు వెడల్పు చేయిస్తుంటే, మరొకవైపు ఈ ఇరవై ఏడేళ్ళ అనువాదకుడు గ్రంథాలయాల చుట్టూ తిరుగుతున్నాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో మా సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలశాయి. ఈనాటివారికి గ్రంథాలయమంటే పుస్తకాలు ఎరువిచ్చే చోటు. ఆనాడు అది నలుగురు తెలుగువారు కూడి, తెలుగులో మాట్లాడుకుని, పోలీసు కంట పడకుండా ఒక తీర్మానం వ్రాసుకోగల ఏకైక స్థలం. ఎన్నికలు లేని రాజ్యంలో ఎన్నుకోవడం అన్న పని అలవాటయింది గ్రంథాలయ కార్యవర్గాలలోనే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, జమాఖర్చు, సర్వసభ్య సమావేశం – నగరపాలనకు కావలసిన ఓనమాలు ఇవే కదా!

అసలు ఘట్టం 1921 నవంబరులో జరిగింది. ఈ కథ చాలామందికి తెలిసినదే. అయినా తెలుగు పంతులుగా బ్రతికిన నేను దీనిని దాటవేయలేను.

ఆ నెల 11, 12 తేదీలలో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో నిజాము రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన మహర్షి కర్వే గారు. వితంతు వివాహాలకూ స్త్రీవిద్యకూ జీవితాన్ని అర్పించిన మహానుభావుడు. సభలో ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి, ఉర్దూ సాగింది, మరాఠీ సాగింది. అందరూ ఓపికగా విన్నారు. అప్పుడు ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. సభలో గోల మొదలయింది. ఈలలు, చప్పట్లు, ఎగతాళి. ఆయన ఉపన్యాసం సాగలేదు.

గమనించండి. అది ప్రభుత్వం పెట్టిన సభ కాదు. గోల చేసినవారు నవాబులూ కాదు. సంఘాన్ని సంస్కరిద్దామని కూడిన చదువుకున్నవారు. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాష ఆ రాజధానిలో, విద్యావంతుల సభలో, నవ్వులపాలయింది. రాజు చేసే అవమానానికి ఒక అర్జీ పెట్టుకోవచ్చు. సాటివారి నవ్వుకు అర్జీ ఎవరికి పెట్టాలి?

ఆ రాత్రే కొందరు తెలుగువారు టేకుమాళ్ల రంగారావు గారి ఇంట కూడారు. పట్టుమని పన్నెండు మంది లేరు. మాడపాటి వారు, బూర్గుల రామకృష్ణారావు గారు, మందుముల నరసింగరావు గారు, ఆదిరాజు వీరభద్రరావు గారు వారిలో ఉన్నారు. 'ఆంధ్రజన సంఘము' పుట్టింది. బారిస్టరు రాజగోపాలరెడ్డి గారు అధ్యక్షులు, మాడపాటి వారు కార్యదర్శి. తరువాతి కాలంలో ఆ చిన్న సంఘమే ఆంధ్రమహాసభగా పెరిగింది. ఈ కథ అంతా ఆయనే 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అన్న తమ గ్రంథంలో రెండు భాగాలుగా వ్రాసిపెట్టారు.

కార్యదర్శి పని ఎంత కష్టమో సంఘాలు నడిపినవారికి తెలుసు. అధ్యక్షునికి దండ, కార్యదర్శికి ఉత్తరాలు. అందులోనూ అది గస్తీ నిషాన్ 53 నాటి కాలం. సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టరాదన్న ఉత్తరువు అది. ప్రతి సభకూ ఉర్దూలో అర్జీ వ్రాయాలి, కచేరీల చుట్టూ తిరగాలి, షరతులకు ఒప్పుకోవాలి. ఈ పనికి మాడపాటి వారిని మించినవారు లేరు. పాలకుల భాష వారికంటె బాగా వచ్చినవాడిని విసుక్కోవడం అధికారికి కష్టం.

వెట్టిచాకిరి మీదా, ఊళ్ళకు వచ్చిన అధికారులు వర్తకుల వద్ద బలవంతంగా సరుకు తీసుకోవడం మీదా సంఘం చిన్న చిన్న పుస్తకాలు వేసింది. ఇందులో ఒక యుక్తి ఉంది. వెట్టిని నిషేధిస్తూ సర్కారువారే అప్పుడప్పుడు ఉత్తరువులు తీసి, ఎవరికీ తెలియకుండా దఫ్తరులో పడేసేవారు. వాటిని పైకి తీసి తెలుగులో అచ్చువేసి ఊళ్ళకు పంపారు. ఏ కొత్త హక్కునూ అడగలేదు; మీ హుకుమును మీరే పాటించండి అన్నారు. రాజద్రోహం అనడానికి వీలులేని రాజద్రోహం అది!

అందరికీ ఈ పద్ధతి నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణాలూ ఉన్నాయి. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ సభకు మాడపాటి వారే అధ్యక్షులు. తీర్మానాలు చేయడం, వినతిపత్రాలు పంపడం, మళ్ళీ తీర్మానాలు చేయడం. ఊళ్ళో దొర గడీ ముందు వెట్టి చేసేవాడి వీపు మీద దెబ్బ ఈ కాగితాల వల్ల ఆగలేదు. 1944 భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి గారి నాయకత్వంలో వామపక్షం మహాసభను తన చేతిలోకి తీసుకుంది. పాతవారు వేరయ్యారు. వయసులో ఉన్నప్పుడు నేను మాడపాటి వారిని 'అర్జీల నాయకుడు' అని తేలికగా అన్నవాడినే. ఆ మాటలో సగం నిజం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. వెట్టిని ఊళ్ళలో నిజంగా కదిలించినది వినతిపత్రం కాదు, తిరగబడిన రైతు. కాని తిరగబడేవాడికి తన కష్టానికి ఒక పేరుందనీ, అది చట్టరీత్యా కూడా నేరమనీ తెలుగులో చెప్పినవారు ముందు ఎవరో ఉండాలి కదా. మిగిలిన సగం అక్కడ ఉంది.

ఆయన చేసిన పనులన్నిటిలోకీ నాకు ఇష్టమైనది నారాయణగూడ బాలికల పాఠశాల. 1928లో మొదలయింది. వడ్లకొండ నరసింహారావు గారు మొదలైనవారు తోడు నిలిచారు. ఉన్నత తరగతులలో బోధన ఉర్దూలోనే సాగాలన్నది ఆనాటి ఏలుబడి నియమం. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పూర్తిగా ఉర్దూ మాధ్యమం. దేశభాషలో ఉన్నతవిద్య అన్న ఆ సాహసాన్ని నేను తక్కువ చేయను. తెలుగుపిల్లకు మాత్రం అది ఇంకొకరి భాషే. ఆడపిల్లలకు తెలుగులో ఉన్నత పాఠశాల చదువు చెప్పాలంటే పరీక్ష ఎవరు పెట్టాలి? పట్టా ఎవరివ్వాలి?

మాడపాటి వారు పూనా వైపు చూశారు. అక్కడ 1916లో కర్వే గారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఉంది. మాతృభాషలో బోధన దాని మూలసూత్రం. నారాయణగూడ పాఠశాలను ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. ఏ కర్వే గారి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు ఉపన్యాసం ఈలల పాలయిందో, ఆ కర్వే గారి విశ్వవిద్యాలయం నీడనే హైదరాబాదు ఆడపిల్లలు తెలుగులో చదివి పరీక్షలకు వెళ్ళారు! 1921 నాటి నొప్పిని మరాఠీవారి మీద పగగా దాచుకోవడం ఎంతో సులభం. అలా చేసినవారిని ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆయన దానిని దాచుకోలేదు. అవసరం వచ్చినప్పుడు తలుపు తట్టడానికి ఆ ఇంటికే వెళ్ళారు. ఆ పాఠశాల తరువాత ఆయన పేరుతోనే ప్రసిద్ధమయింది. వారి సతీమణి మాణిక్యాంబ గారు కూడా స్త్రీల సభలలో పనిచేసినవారే.

1948 సెప్టెంబరులో నిజాము ఏలుబడి ముగిసింది. కొత్త కార్పొరేషనుకు ఎన్నికలు జరిగి, 1951లో మాడపాటి వారు మేయరు అయ్యారు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. ఏడాదికొకమారు ఎన్నుకునే పదవి అది. మూడు పర్యాయాలు ఆయననే ఎన్నుకున్నారు.

ఇక్కడ ఆడికెస్ గారిని మళ్ళీ తలచుకోవాలి. జర్మనీ నగరాధ్యక్షుడు నిజంగా నగరాన్ని పాలించేవాడు. మన మేయరు సభకు అధ్యక్షత వహిస్తాడు, అతిథులను ఆహ్వానిస్తాడు. సంతకం చేసి పని చేయించే అధికారం మాత్రం ప్రభుత్వం నియమించిన కమిషనరుది. 1888లో బొంబాయికి ఇంగ్లీషువారు చేసిన చట్టం నుంచి మన నగరాలకు పాకిన ఏర్పాటు ఇది. ప్రజ ఎన్నుకున్నవాడికి గౌను, సర్కారు పంపినవాడికి కలం. కనుక మాడపాటి వారు మేయరుగా ఎన్ని రోడ్లు వేయించారు, ఎన్ని మోరీలు కట్టించారు అని లెక్క తీయబోవడం అవివేకం. ముందు ఊరు, తరువాత పౌరుడు అని కదా అన్నాను. ఆ పౌరుడిని తయారు చేయడమే ఆయన చేసిన నగరపాలన, అది 1951కి ముందే చాలా వరకు అయిపోయింది. ఉర్దూవారితో ఉర్దూలో, తెలుగువారితో తెలుగులో, ఎవరి మనసూ నొవ్వకుండా సభ నడపగల పెద్దమనిషి ఆ సంధికాలంలో ఆ కుర్చీలో కూర్చోవడమే ఒక పని. రజాకార్ల కాలమూ పోలీసు చర్యా గడిచి మూడేళ్ళే అయింది. నగరంలో మనసులు ఇంకా పచ్చిపుండ్లుగా ఉన్నాయి.

ఆయన మేయరుగా ఉండగానే 1952 సెప్టెంబరు వచ్చింది. స్థానికేతరులకు ఉద్యోగాలివ్వడం మీద ముల్కీ ఉద్యమం రేగింది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విచారణకు జస్టిసు పింగళి జగన్మోహనరెడ్డి గారిని నియమించారు. అప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల వారు, నగర మేయరు మాడపాటి వారు. 1921లో టేకుమాళ్ల వారింట కూర్చున్న ఇద్దరు మిత్రులు! తెలుగువాడి గౌరవం కోసం సంఘం పెట్టినవారి కళ్ళ ముందే, తెలుగువాడికీ తెలుగువాడికీ నడుమ గీత పడింది. పైగా మేయరు గారు పుట్టినది నందిగామ తాలూకా. పెరిగినది సూర్యాపేట, చదివినది హనుమకొండ, జీవితమంతా ధారపోసినది హైదరాబాదు. ఆయనను 'ఆంధ్రపితామహుడు' అని పిలిచింది తెలంగాణమే. ముల్కీ నినాదం వెనుక ఉన్న బాధ నిజమైనది. ఉద్యోగం దక్కని స్థానికుడి ఆకలిని కాదనలేము. అయినా ఆ సెప్టెంబరులో ఆ పెద్దాయన పుట్టిన ఊరి పేరు చెప్పుకోవలసి వస్తే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

మిగిలినది గౌరవాల జాబితా, త్వరగా చెప్పి ముగిస్తాను. 1955లో పద్మభూషణ్, 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు. ఏ విశ్వవిద్యాలయపు భాషానియమాన్ని తప్పించుకోవడానికి పాఠశాలను పూనాకు ముడిపెట్టారో ఆ విశ్వవిద్యాలయమే ఇచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షులు ఆయనే. 1964 వరకు ఉన్నారు. ఆ నడుమ, 1960లో, చెరువుకు ఇవతలి కార్పొరేషను అవతలి దానిలో కలిసింది. 1970 నవంబరు 11న ఆయన కన్నుమూశారు. వివేకవర్ధినీ థియేటరులో ఆ సభ మొదలయినదీ ఒక నవంబరు 11నే.

సికిందరాబాదుకు పదేళ్ళపాటు ఉండి పోయిన సొంత మేయర్ల ముచ్చట మరొకసారి వ్రాస్తాను.